అమ్మవారి పీట కింద బ్యాటరీ

"నూకరాజూ! ఓరేయ్ నూకరాజూ! ఎక్కడున్నావురా? పడవ పలకట్లేదు!"

రేవు గట్టు మీద నిలబడి అచ్చియ్య తాత కేకలు పెడుతున్నాడు. అప్పటికే పడవ నిండిపోయింది. పూలబుట్టలతో ఆడవాళ్ళు, పాల క్యాన్లతో మగవాళ్ళు, పుస్తకాల సంచులతో పిల్లలు ఎక్కి కూర్చున్నారు. ఇంజను మీట నొక్కితే 'టిక్' మని ఒక్క చప్పుడు చేసి, అలిగిన పెళ్ళికొడుకులా మళ్ళీ ఊరుకుంటోంది.

గోదావరి నడుమ ఉన్న చామంతిలంకలో నూకరాజు అనే సరంగు ఉండేవాడు. పడవ నడపడంలో వాడంతటివాడు లేడు గానీ, ఒళ్ళు వంచాల్సిన పని కనబడితే వాడంత బద్ధకస్తుడూ లేడు.

రేవు పాకలో బల్ల మీద పడుకున్న నూకరాజు ఆవులిస్తూ లేచాడు.

"అరవకు తాతా. వస్తున్నా. బ్యాటరీ పడుకున్నట్టుంది."

"బ్యాటరీ ఒక్కటేనా పడుకుంది?" అంది పూలబుట్టల మాణిక్యం. పడవంతా గొల్లున నవ్వింది.

నవ్వనిది వరాలు ఒక్కతే. వరాలు నూకరాజు చెల్లెలు. పడవలో ఊరిన నీళ్ళు తోడేది, తాడు విసిరేది, దిగేవాళ్ళకి చెయ్యి అందించేది ఆ పిల్లే. ఆమెకి ఆ పడవంటే ప్రాణం. తెల్లారగట్ల గోదారి మీద మంచు, పొయ్యి మీది పాలగిన్నె ఆవిరిలా లేస్తుంటే, ఎప్పటికైనా ఆ మంచులోంచి తానే చుక్కాని పట్టుకుని పడవని అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళాలని కలలు కనేది. "ఆడపిల్ల సరంగేంటే?" అని ఎవరైనా అంటే, "గోదారి ఆడది కాదా ఏంటి?" అనేది.

"రాత్రి పాటలు పెట్టొద్దు, బ్యాటరీ దిగిపోద్దని చెప్పానా లేదా అన్నయ్యా?" అంది వరాలు.

"పాటలు లేకపోతే నిద్రెలా పడుతుందే?" అన్నాడు నూకరాజు.

ఆ బ్యాటరీతో ఒక చిక్కు ఉండేది. పడవ వెనక భాగంలో, ఇంజనుకీ చుక్కానికీ మధ్య, పలకల కింద ఇరుకు గొయ్యిలో దాన్ని బిగించారు. దాన్ని చూడాలంటే ఒక పలక ఎత్తి, బోర్లా పడుకుని, తలా భుజాలూ లోపలికి దూర్చి, ఒక చేత్తో టార్చి పట్టుకుని రెండో చేత్తో తడుముకోవాలి. చెమటా, చమురూ, బురదా ఒంటికి పూసుకోవాలి. నూకరాజుకి పొట్ట కాస్త ఎక్కువ. ఒళ్ళు వంచడం బొత్తిగా తక్కువ.

బ్యాటరీ బిగించిన రోజున పట్నం నుంచి వచ్చిన మెకానిక్ అన్నాచెల్లెళ్ళిద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"జాగ్రత్తగా వినండి. ఛార్జింగు ఎక్కుతున్నప్పుడు బ్యాటరీ ఒక గాలి వదులుతుంది. అది కంటికి కనబడదు. మూసేసిన గొయ్యిలో అయితే అక్కడే నిండిపోతుంది. ఒక్క నిప్పురవ్వ పడిందా, బాంబులా పేలుతుంది. అందుకని ముందు పలక తీసి గాలాడనివ్వండి. లోపల నీళ్ళు తగ్గాయేమో చూడండి. క్లిప్పులు పెట్టాకే స్విచ్చి వెయ్యండి. తీసేటప్పుడు ముందు స్విచ్చి కట్టేసి, తర్వాతే క్లిప్పులు తియ్యండి. దరిదాపుల్లో బీడీ గానీ అగ్గిపుల్ల గానీ ఉండకూడదు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు నూకరాజు. మెకానిక్ పడవ దిగేలోపే ఆ మాటలు కూడా వాడి బుర్రలోంచి దిగిపోయాయి. కాదు, దిగిపోలేదు. అదే అసలు పాపం. వాడికి అన్నీ గుర్తున్నాయి. పాటించడానికే ఒళ్ళు వంగలేదు.

కొన్నాళ్ళకి వాడొక ఉపాయం కనిపెట్టాడు. బ్యాటరీకి రెండు లావుపాటి వైర్లు శాశ్వతంగా బిగించేసి, వాటి కొసల్ని పలకకి పెట్టిన చిన్న కన్నంలోంచి పైకి లాగాడు. ఇక పలక ఎత్తే పని లేదు. పాకలోని ఛార్జరు నుంచి తీగ లాగి, పైన కూర్చునే క్లిప్పులు తగిలించేవాడు. స్విచ్చి వేసేవాడు. కాలు మీద కాలేసుకుని పాట అందుకునేవాడు.

వరాలు ఊరుకునేది కాదు.

"పలక తియ్యి అన్నయ్యా. గాలాడాలన్నాడు కదా ఆయన."

"తీస్తాలే."

"ఎప్పుడు తీస్తావు? బ్యాటరీలో నీళ్ళున్నాయో లేదో చూసి ఎన్నాళ్ళైంది?"

"చూస్తాలే. నీ గోల పడలేకపోతున్నా."

ఒక రోజు అచ్చియ్య తాత కూడా ఆ పిల్లతో గొంతు కలిపాడు. తాత ఆ లంకకి పెద్ద. ప్రతి శుక్రవారం మొదటి దాటింపుకి ముందు పడవ ముక్కు దగ్గర కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకి కర్పూర హారతి ఇచ్చేది ఆయనే. అది తాతల నాటి ఆచారం. హారతి కళ్ళకద్దుకోనిదే ఎవరూ ప్రయాణం కట్టేవాళ్ళు కాదు.

"అమ్మాయి అన్నదాంట్లో తప్పేముందిరా?" అన్నాడు తాత. "ఒక్క పలక ఎత్తడానికి నీకేం రోగం? లే, ఎత్తు. మేమంతా చూస్తాం."

పడవలో అందరూ వాడి వైపు తిరిగారు. నూకరాజు గొయ్యి వైపు చూశాడు. ఎండ మండిపోతోంది. కొత్తగా ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఏం చెప్పి తప్పించుకోవాలో తోచలేదు. వాడి నోట్లోంచి, వాడికే తెలియకుండా, ఒక మాట జారింది.

"ఆ పలక తియ్యకూడదు తాతా. అమ్మ కల్లోకొచ్చి చెప్పింది."

పడవలో ఆడవాళ్ళు గబగబా చెంపలేసుకున్నారు.

"ఏమన్నావు?" అన్నాడు తాత.

మాట నోరు దాటాక మరి వెనక్కి రాదు. నూకరాజు ఇంకో మాట కలిపాడు. "గంగమ్మ తల్లి, తాతా. ఎర్రచీర కట్టుకుని వచ్చింది. 'ఆ పలక నా పీటరా నూకరాజూ, దాన్ని కదపకు' అంది."

అచ్చియ్య తాత కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆయన పలక ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దానికి నుదురు ఆనించాడు. మాణిక్యం బుట్టలోంచి దోసెడు చామంతులు తీసి పలక మీద పోసింది. నూకరాజు చూస్తూ నిలబడ్డాడు. గుండె ఒకసారి కలుక్కుమంది. కానీ ఆ పూట పలక ఎత్తే పని తప్పింది. వాడికి అది చాలు.

ఆ రోజు నుంచి పలకకి పసుపు రాశారు. కుంకుమ బొట్లు పెట్టారు. మీద ఇత్తడి పీట, పీట మీద అమ్మవారి పటం వచ్చాయి. చుట్టూ పలకల సందుల్లోంచి గాలి కొట్టి కర్పూరం ఆరిపోతోందని, సందులన్నిటినీ ఎర్రగుడ్డలతో కప్పేశారు. ఇన్నాళ్ళూ పడవ ముక్కు దగ్గర ఇచ్చే హారతి ఇప్పుడు వెనక్కి, సరిగ్గా బ్యాటరీ నెత్తి మీదికి వచ్చింది. గొయ్యికి గాలి వచ్చే దారి కూడా లేకుండా పోయింది.

వరాలుకి ఒళ్ళు మండింది.

"నిజం చెప్పు అన్నయ్యా. అమ్మ నీ కల్లోకి వచ్చిందా?"

"వచ్చిందంటే వచ్చిందే. నమ్మకపోతే నీ ఖర్మ."

ఆ పిల్ల రేవు మెట్ల మీద కూర్చుని నీళ్ళ వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించింది. పొద్దున్నే పలకరించేది నేను. పువ్వు వేసేది నేను. మనసులో మాటలన్నీ గోదారికి చెప్పుకునేది నేను. నన్నొదిలి, మధ్యాహ్నం దాకా గురకపెట్టే ఈ మనిషి కల్లోకా తల్లీ నువ్వు వెళ్ళింది? చిన్న అల ఒకటి వచ్చి పాదాలు తడిపి వెళ్ళింది, అంతే. ఆ పిల్లకి కోపం తగ్గలేదు గానీ, ఆ కోపం పక్కనే కాస్త భయం కూడా వచ్చి కూర్చుంది. ఒకవేళ నిజమే అయితే?

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే పెద్ద మహిమ అనుకున్నారు జనం.

ఒక గురువారం మధ్యాహ్నం ఛార్జింగు పెట్టిన కాసేపటికి, పడవ వెనక నుంచి మురిగిన కోడిగుడ్డు వాసన వచ్చింది. నీళ్ళు తోడుతున్న వరాలు ముక్కు మూసుకుంది. వాసన అమ్మవారి పీట కిందనుంచి వస్తోంది. నూకరాజు పాకలో నిద్రపోతున్నాడు. వరాలు ఇక ఆగలేదు. పాకలోకి వెళ్ళి స్విచ్చి కట్టేసింది. వచ్చి పీటని కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. పలక ఎత్తింది. బోర్లా పడుకుని తల లోపలికి దూర్చింది. వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. బ్యాటరీ కొసల మీద తెల్లటి పొడి పేరుకుపోయింది. పక్కలు ఉబ్బిపోయాయి. మూత తీసి చూస్తే లోపల నీళ్ళు ఎక్కడో అడుగున ఉన్నాయి.

"ఓలమ్మో! అపచారం! అపచారం!"

వెనకాల మాణిక్యం గుండెలు బాదుకుంటోంది. ఆ కేకలకి జనం పోగయ్యారు. నూకరాజు పరిగెత్తుకు వచ్చాడు.

"చూడన్నయ్యా" అంది వరాలు, చమురు మరకల మొహంతోనే. "ఉబ్బిపోయింది. దీన్ని మార్చాలి. ఇప్పుడైనా చూడు."

నూకరాజు చూశాడు. వాడికి అర్థమైంది. తర్వాత జనం వైపు చూశాడు.

"ఎవరే నిన్ను పలక ఎత్తమంది?" అని గట్టిగా అరిచాడు. పలక పెట్టేశాడు. పీట దాని మీద పెట్టేశాడు. "తప్పయిపోయిందని చెంపలేసుకో!"

వరాలు చెంపలేసుకోలేదు. దగ్గరికి వచ్చి చిన్నగా అంది. "పోనీ, రేపు హారతి మాత్రం ముందు వైపు ఇప్పించు. నీకు దణ్ణం పెడతాను."

"చూద్దాంలే" అన్నాడు నూకరాజు.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే పడవ నిండింది. మీట నొక్కితే 'టిక్' మని కూడా అనలేదు. నూకరాజు గబగబా తీగ లాగి, క్లిప్పులు తగిలించి, స్విచ్చి వేశాడు. "కాస్త ఎక్కగానే బయల్దేరదాం" అన్నాడు. ఆలస్యం ఎందుకని, ఈలోగా హారతి అయిపోతుందని అచ్చియ్య తాత పళ్ళెం పట్టుకుని వెనక్కి నడిచాడు.

వరాలు అప్పుడే గట్టు మీద తాడు విప్పుతోంది. పాకలో ఛార్జరు మీది ఎర్రలైటు ఆమె కంటపడింది. వెంటనే పడవ వైపు చూసింది. తాత అగ్గిపెట్టె తీస్తున్నాడు.

"తాతా! ఆగు! వెలిగించకు!"

ఆ పిల్ల పరిగెత్తింది. గట్టు దూరం. పడవలో పిల్లల గోల మధ్య తాత ముసలి చెవులకి ఆ కేక అందలేదు. కానీ నూకరాజు ఆయనకి మూరెడు దూరంలోనే ఉన్నాడు. వాడు విన్నాడు. వాడికి తెలుసు. చెయ్యి చాపితే అగ్గిపెట్టె అందుతుంది. 'వద్దు తాతా' అన్న ఒక్క మాట చాలు. కానీ వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే కల సంగతి బయటపడుతుంది. వాడు నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు.

తాత పుల్ల గీశాడు.

ఢామ్మని పడవ అదిరింది. పలక ఎగిరి నీళ్ళలో పడింది. అమ్మవారి పటం ముక్కలైంది. యాసిడ్ తుంపర తాత మొహం మీదా చేతుల మీదా పడింది. "అమ్మా! కళ్ళు! నా కళ్ళు!" అంటూ ఆయన కూలబడ్డాడు. పిల్లలు ఏడుస్తూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

వరాలు ఒక్క దూకుతో పడవలోకి వచ్చింది. నీళ్ళు తోడే బకెట్టు గోదారిలో ముంచి తాత మొహం మీద పోసింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ పోసింది.

"కాలినదాని మీద నీళ్ళేంటే! చంపేస్తావా ఆయన్ని?" అని మాణిక్యం చెయ్యి పట్టుకోబోయింది.

"వదులు! యాసిడ్డు కడిగెయ్యకపోతే కళ్ళు పోతాయి!" అని వరాలు ఆమెని తోసేసింది. మగవాళ్ళు గెడలు వేసి పడవని ఆసుపత్రి ఉన్న అవతలి ఒడ్డుకి తోస్తున్నంతసేపూ, ఆ పిల్ల చేతులు ఆగకుండా నీళ్ళు పోస్తూనే ఉన్నాయి.

తాత కళ్ళు దక్కాయి. మొహం మీదా చేతుల మీదా మచ్చలు మాత్రం మిగిలాయి.

ఇంత చేసిన పిల్లకి లంక ఏం ఇచ్చిందో తెలుసా? నింద ఇచ్చింది.

ఆ సాయంత్రం రేవు దగ్గర అందరూ చేరారు.

"పలక ఎత్తొద్దని అమ్మ చెప్పింది. ఇది ఎత్తింది. మర్నాడే అయ్యింది. ఇంకా ఏం కావాలి?" అంది మాణిక్యం.

"బ్యాటరీలోంచి గాలి వస్తుంది అత్తా. మూసేస్తే నిండిపోతుంది. నిప్పు తగిలితే పేలుతుంది. మెకానిక్ మా ఇద్దరికీ చెప్పాడు. అన్నయ్యని అడగండి" అంది వరాలు.

"ఇన్నాళ్ళూ అదే బ్యాటరీ, అదే కర్పూరం. అప్పుడెప్పుడూ పేలనిది నువ్వు ముట్టుకున్న మర్నాడే పేలిందేం?"

"ఇన్నాళ్ళూ హారతి వేళకి ఛార్జింగు లేదు. అయినా అమ్మకి కోపం నా మీదైతే తాత మొహం ఎందుకు కాలింది? అమ్మకి గురి కూడా తప్పుతుందా?"

"నోరు చూశారా! నోరు!"

"ఆ కలే అబద్ధం!" అని అరిచింది వరాలు.

"వాడి కల సంగతి నీకెలా తెలుసు? నువ్వెళ్ళి చూశావా?" అన్నాడొక పెద్దమనిషి.

అదే కదా చిక్కు! మనిషి కలకి సాక్షి ఎవరుంటారు? కన్నవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ తల వంచుకుని కాలి బొటనవేలితో ఇసుకలో గీతలు గీస్తున్నాడు. అందరూ వాడి వైపు చూశారు. వరాలు కూడా చూసింది. పుట్టినప్పటినుంచీ ఎత్తుకు తిప్పిన అన్న. జాతరలో తప్పిపోతే వెతికి భుజాల మీద మోసుకొచ్చిన అన్న. ఒక్క మాట అనడా?

నూకరాజు అనలేదు.

వరాలు ఇక పడవలో కాలు పెట్టకూడదని తీర్మానించారు.

ఆ పిల్ల ఏడవలేదు. ఇంటికి వెళ్ళి అన్నకి అన్నం పెట్టింది. పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఎప్పుడు చెబుతావు?"

"కొన్నాళ్ళాగు చెల్లీ" అన్నాడు నూకరాజు, కంచంలోంచి తల ఎత్తకుండా. "జనం మర్చిపోతారు."

"జనం మర్చిపోతారు. నేను మర్చిపోతానా? తాత అద్దంలో చూసుకున్నప్పుడల్లా మర్చిపోతాడా? నువ్వు దొంగతనం చేసినా ఇంత బాధపడేదాన్ని కాదు అన్నయ్యా. బద్ధకం నీది. దెబ్బ తాతది. నింద నాది. ఇదెక్కడి పంపకం?"

నూకరాజు కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

తర్వాతి రోజుల్లో వరాలు గట్టు మీదే నిలబడింది. పడవ వెళ్ళేది, వచ్చేది. ఆమె విసరాల్సిన తాడు ఇంకెవరో విసిరేవాళ్ళు. సరిగ్గా విసరడం రాక రెండుసార్లు నీళ్ళలో పారేసేవాళ్ళు. అది చూస్తుంటే ఆమె చేతులు వాటంతటవే పైకి లేచేవి. ఆడవాళ్ళు ఆమెని తప్పుకుని, చీర తగలకుండా నడిచి వెళ్ళేవాళ్ళు. పొద్దున్నే పాలావిరిలా లేచే మంచుని కూడా ఆమె చూడడం మానేసింది.

కొత్త బ్యాటరీ వచ్చింది. కొత్త పలక చేయించారు. కొత్త పటం తెచ్చారు. ఈసారి ఎవరూ ఎత్తడానికి వీల్లేకుండా, మొదటి హారతి అవగానే పలకకి మేకులు కొట్టేద్దామని పెద్దలు నిర్ణయించారు. అబద్ధం గుణమే అంత. మొదట మాటగా ఉంటుంది, తర్వాత పీట అవుతుంది, ఆఖరికి దానికి మేకులు కూడా పడతాయి.

శుక్రవారం వచ్చింది. అచ్చియ్య తాత చేతులకి కట్లతో, మచ్చల మొహంతో కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. హారతి తానే ఇస్తానన్నాడు.

"నా భక్తిలోనే ఏదో లోపం ఉందిరా" అన్నాడు ఆయన నూకరాజుతో. "లేకపోతే అమ్మ నన్నెందుకు కాలుస్తుంది? ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఇస్తాను."

ఆ మాటకి నూకరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకంటే పడవ ఆగకూడదని పొద్దున్నే కొత్త బ్యాటరీకి పాత పద్ధతిలోనే క్లిప్పులు తగిలించి, స్విచ్చి వేసి వచ్చాడు. పలక మూసే ఉంది. గుడ్డలు కప్పే ఉన్నాయి. పాకలో ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

గట్టు మీదనుంచి వరాలు అదంతా చూసింది.

"పెద్దలందరికీ దణ్ణం!" అంది గట్టిగా. "నేను పడవ ఎక్కను. ఇక్కడినుంచే ఒక్క మాట."

"ఏంటో చెప్పు" అన్నాడు పెద్దమనిషి విసుగ్గా.

"అమ్మ వచ్చింది ఎవరి కల్లోకి? మా అన్నయ్య కల్లోకి. పీట అడిగింది ఎవరిని? మా అన్నయ్యని. మరి హారతి తాతెందుకు ఇవ్వాలి? అమ్మ ఎంచుకున్న మనిషి ఉండగా వేరేవాళ్ళు ఇవ్వడమే తప్పేమో. ఇవాళ అన్నయ్యే ఇవ్వాలి. కొత్త పీటకి మొదటి హారతి కాబట్టి పడవలో ఇంకెవరూ ఉండకూడదు. పిల్లలూ దిగాలి, తాతా దిగాలి."

జనం మొహమొహాలు చూసుకున్నారు.

"పిల్ల మాట సబబుగానే ఉంది" అంది మాణిక్యం. మొదటిసారి ఆమె వరాలు వైపు తిన్నగా చూసింది.

అందరూ దిగారు. తాత పళ్ళెం నూకరాజు చేతిలో పెట్టి, వాడి నెత్తి మీద కట్టుకట్టిన చెయ్యి ఉంచి ఆశీర్వదించి మరీ దిగాడు. పడవలో నూకరాజు ఒక్కడే మిగిలాడు. ముందు పటం, కింద బ్యాటరీ, చేతిలో అగ్గిపెట్టె.

వరాలు బకెట్టు నిండా నీళ్ళు ముంచుకుని, నీటి అంచున నిలబడింది. వాడు వెలిగించడని ఆమెకి తెలుసు. ఆ పలక కింద ఏముందో లంకలో ఆమెకి కాక ఇంకొక్కడికే తెలుసు మరి.

"కానివ్వరా" అన్నాడు తాత.

"గాలేస్తోంది తాతా."

"గాలెక్కడిదిరా? గోదారి అద్దంలా ఉంటేను."

నూకరాజు పుల్ల తీశాడు. పెట్టె మీద ఆనించాడు. పుల్ల వేళ్ళ సందులోంచి జారి కింద పడింది.

"పుల్లలు చెమ్మగిల్లాయి" అన్నాడు.

"ఇదిగో, నా దగ్గర పొడి పెట్టె ఉంది" అని మాణిక్యం విసిరింది. అది వాడి పాదాల దగ్గర పడింది. వాడు దాన్ని పాముని చూసినట్టు చూశాడు.

"ఏంట్రా ఆ భయం? అమ్మ దగ్గర భయమేంటి?" అన్నాడు తాత. "నీ కల్లోకి వచ్చిన తల్లే కదరా!"

నూకరాజు తాత మొహం వైపు చూశాడు. ఆ మచ్చల్లో ఎక్కడా వాడి మీద అనుమానం లేదు. ఆ నమ్మకమే వాడికి నిప్పు కంటే ఎక్కువగా తగిలింది. పళ్ళెం చేతిలోంచి జారింది. కర్పూరం బిళ్ళలు దొర్లి నీళ్ళలో పడ్డాయి.

"స్విచ్చి కట్టెయ్యండి!" అని వాడు అరిచాడు. "ముందు ఆ స్విచ్చి కట్టెయ్యి వరాలూ!"

వరాలు బకెట్టు దింపి పాకలోకి పరిగెత్తి స్విచ్చి కట్టేసింది. ఎర్రలైటు ఆరింది.

నూకరాజు పీటని పక్కకి తీశాడు. ఎర్రగుడ్డలు లాగేశాడు. ఎవరూ అడగకుండానే, జీవితంలో మొదటిసారి, తనంతట తానే వంగి పలక ఎత్తాడు. ఎత్తి, ఆ గొయ్యి అంచున మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అమ్మ నా కల్లోకి రాలేదు తాతా. ఎప్పుడూ రాలేదు" అన్నాడు. వాడి గొంతు గట్టు మీద చివరి మనిషికి కూడా వినబడింది. "ఈ పలక ఎత్తడానికి ఒళ్ళు బద్ధకించి ఆ మాట పుట్టించాను. ఇందులో గాలి నిండుతుందనీ, నిప్పు తగిలితే పేలుతుందనీ నాకు తెలుసు. ఆ రోజు నువ్వు పుల్ల గీస్తుంటే పక్కనే ఉన్నాను. వద్దని చెప్పబోయి, పరువు పోతుందని నోరు మూసుకున్నాను. నీ మొహం కాల్చింది అమ్మ కాదు, నేను. నా చెల్లెలు ఏ తప్పూ చెయ్యలేదు. తప్పంతా నాది. నాదే!"

చేయాల్సిన పనికి బద్ధకించి దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటే ఆ అబద్ధం అయినవాళ్ళనే కాలుస్తుంది. తప్పు చేసినవాడు నిజం చెప్పాల్సింది అగ్గిపుల్ల తన చేతికి వచ్చాక కాదు, పక్కవాడి చేతిలో ఉన్నప్పుడే.